లాంగ్ రైడ్స్‌కి ఏ టైర్? ఎక్కువ కిలోమీటర్లు వచ్చే టూరింగ్ టైర్ ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

ఈ ఎపిసోడ్ మొత్తం టైర్ల గురించే. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ టైర్ వేస్తే ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది?"

అమెరికాలో అమ్మే కారు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక నంబర్ ఉంటుంది, ఎంత త్వరగా అరుగుతుందో పోల్చుకోవడానికి. బైక్ టైర్లకి అది లేదు. కాబట్టి షాపులో "ఇరవై వేలు గ్యారంటీగా వస్తుంది" అంటే అది నోటిమాటే. అదే టైర్ ఒకరి బండికి ఒకలా, ఇంకొకరి బండికి ఇంకొకలా అరుగుతుంది. మరి దేన్ని చూసి కొనాలి?

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి ఎన్‌హెచ్ 44 మీద వెళ్తున్నాం అనుకోండి. దాదాపు 570 కిలోమీటర్లు. బండి ఎక్కువసేపు నిటారుగానే ఉంటుంది, అంటే టైర్ మధ్యభాగం ఒక్కటే రోడ్డుకి రాసుకుంటూ ఉంటుంది. ఇంజిన్ పవర్ మొత్తం వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి వెనక టైరే ముందు పోతుంది. గుండ్రంగా ఉండాల్సిన టైర్ మధ్యలో చదునైపోయి, రెండు పక్కలా అంచు తేలుతుంది. దీన్నే స్క్వేర్ ఆఫ్ అవ్వడం అంటారు.

హైవే మీద ఇది అసలు తెలియదు. తెలిసేది ఘాట్‌లో. దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపులు ఉన్నాయి కదా, అక్కడ బండి వంచబోతే ముందు వంగనని మొరాయిస్తుంది, అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోయినట్టు వంగుతుంది. వాన పడిన రోడ్డు, ఎదురుగా బస్సు, వెనక సీట్లో మనిషి. ఊహించుకోండి. గాడుల్లో టీడబ్ల్యూఐ అని చిన్న గుర్తులు ఉంటాయి, రబ్బరు అంతవరకు అరిగితే టైర్ మార్చాలని. కానీ ఆ గుర్తు చెప్పేది గాడి లోతు మాత్రమే, టైర్ ఆకారం గురించి కాదు. ఇంకా లోతు మిగిలుండగానే ఆకారం పోవచ్చు. అందుకే నా లెక్కలో మన్నిక అంటే రబ్బరు ఎన్నాళ్లు మిగిలిందని కాదు, టైర్ ఎన్నాళ్లు గుండ్రంగా ఉందని.

స్పోర్ట్ టూరింగ్ టైర్లు పుట్టిందే దీనికోసం. చాలావాటిలో వెనక టైర్‌కి రెండు రకాల రబ్బరు వాడతారు: మధ్యలో గట్టిది, పక్కల మెత్తది. మిషెలిన్ రోడ్ 5, పిరెల్లి ఏంజెల్ జీటీ 2 ఈ కోవకి చెందినవే. మన దేశం నుంచి యూరోగ్రిప్ రోడ్‌హౌండ్ కూడా స్పోర్ట్ టూరింగ్ టైరే. "అయితే మొత్తం గట్టి రబ్బరే వేస్తే ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది కదా?" వస్తుంది, తడి రోడ్డు మీద జారుతుంది కూడా. అందుకే రబ్బరులో సిలికా కలుపుతారు. చల్లటి, తడి రోడ్డు మీద కూడా పట్టు ఉండేలా చేసేది అదే. జూలైలో రైడ్‌కి వెళ్లేవాళ్లు నాలుగు వేల కిలోమీటర్లు తక్కువ వచ్చినా సరే, తడిలో పట్టు ఉన్న టైరే తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక పక్కన రాసిన కోడ్. నా డామినార్ వెనక టైర్ మీద 150/60 ఆర్17 66హెచ్ అని ఉంటుంది. 150 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం ఎత్తు, 17 రిమ్ సైజు. 66 అంటే 300 కిలోల బరువు, హెచ్ అంటే 210 స్పీడ్ వరకు. ఆర్ అంటే రేడియల్. రేడియల్ టైర్ తక్కువ వేడెక్కుతుంది, దూర ప్రయాణాలకి అదే కావాలి. లుక్ కోసం ఇంకో సైజు పెద్దది వేయించకండి. అదే రిమ్ మీద నొక్కుకుపోయి ఆకారం మారుతుంది, లైఫ్ పెరగదు.

తయారీ తేదీ తప్పకుండా చూడండి. నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. 2020 జూన్‌లో ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. విదేశీ రివ్యూలో చూసి మనసు పడ్డ టైర్ ఇక్కడ మీ సైజులో దొరక్కపోవచ్చు, దొరికితే పాత స్టాక్ అంటగట్టొచ్చు. ఆ కోడ్ చూశాకే డబ్బులు తీయండి.

రేటు దగ్గర అందరూ ఆగిపోతారు. ఉదాహరణకి ఆరు వేల టైర్ పది వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటర్‌కి 60 పైసలు. తొమ్మిది వేల టైర్ పద్దెనిమిది వేలు వస్తే 50 పైసలు. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, మీ బండి అంకెలు మీరు వేసుకోండి. కాకపోతే రోజూ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఆఫీసుకి మాత్రమే వెళ్లేవాళ్లకి ఈ టైర్లు దండగ.

ఎంత మంచి టైర్ వేసినా గాలి సరిగ్గా లేకపోతే అంతే సంగతులు. తక్కువైతే టైర్ నలిగి వేడెక్కుతుంది, ఎక్కువైతే మధ్యభాగం ఇంకా త్వరగా పోతుంది. పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోవాలి. వంద కిలోమీటర్లు తిప్పి బంకులో చూస్తే వేడికి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు గాలి తీసేయొద్దు. ఎంత కొట్టించాలో మీ బండి మాన్యువల్‌లోనే ఉంటుంది, వెనక మనిషి ఉంటే ఎంతో కూడా. నైట్రోజన్ అంటారా? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఫ్రీగా కొడితే కొట్టించుకోండి.

చివరిగా ఒకటి. కొత్త టైర్ పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా నడుపుతూ, కొంచెం కొంచెంగా వంచుతూ అలవాటు చేయాలి. టైర్ మార్చిన సాయంత్రమే ఫ్రెండ్స్ అనంతగిరి ఘాట్‌కి రమ్మంటే, వచ్చే శనివారం వస్తాలే అని చెప్పండి.