పాతబస్తీ మీదికి వాన వస్తోందా? మూడు గంటల ముందే ఫోన్‌లో ఇలా చూసుకోండి

మధ్యాహ్నం దాకా మాడ్చేసే ఎండ. నాలుగయ్యేసరికి ఓ మూల నల్లని మబ్బు. అంతలోనే వాట్సాప్‌లో ‘హైదరాబాద్‌కు టోర్నడో’ అంటూ ఓ వీడియో. నమ్మాలా, వద్దా? పిల్లలను స్కూల్ నుంచి ముందే తెచ్చుకోవాలా? కింది గదిలో సామాను పైకెత్తాలా? వాతావరణ శాఖ చూసే సమాచారంలో చాలా భాగం మీ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏది ఎప్పుడు చూడాలో తెలిస్తే చాలు.

మన దగ్గర టోర్నడోలు వస్తాయా?

చాలా అరుదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు నేలకూలినప్పుడు టోర్నడోయేనా అన్న చర్చ జరిగింది. టోర్నడోలు తరచూ వచ్చే అమెరికాలోనే హెచ్చరికకు, దెబ్బకు మధ్య సగటున పదిహేను నిమిషాలు కూడా ఉండవు. కాబట్టి ‘రేపు ఫలానా చోట టోర్నడో’ అనే మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి. పాతబస్తీకి అసలు ముప్పు క్యుములోనింబస్ మేఘాలు, వాటితో వచ్చే కుండపోత వాన, ఈదురుగాలి, పిడుగులు.

ఏం చూడాలి?

ముందురోజు: వాతావరణ శాఖ ఇచ్చే రంగు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే వెంటనే జాగ్రత్త పడండి. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 204.4 మి.మీ. దాటితే అత్యంత భారీ వర్షం.

మూడు గంటల ముందు: జిల్లాల వారీగా వచ్చే ‘నౌకాస్ట్’. ‘మౌసమ్’ యాప్‌లో చూడొచ్చు. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ ఉంది.

గంట ముందు: హైదరాబాద్ డాప్లర్ రాడార్ చిత్రం. ఎరుపు మచ్చ ఉన్నచోట వాన గట్టిగా ఉన్నట్టు. ఒక్క చిత్రం చూసి వదిలేయకండి, 20 నిమిషాల తేడాతో రెండు చూడండి. మచ్చ మీవైపు 10 కిలోమీటర్లు జరిగి, ఇంకా 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే మీకు సుమారు గంట టైమ్ ఉన్నట్టే. అయితే మేఘం దారిలోనే కరిగిపోవచ్చు, మీ నెత్తిమీదే కొత్తది పుట్టొచ్చు. అందుకే మళ్లీ మళ్లీ చూడాలి.

పడుతున్నప్పుడు: తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ (టీజీడీపీఎస్) ఆటోమేటిక్ కేంద్రాల లెక్కలు. ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పడిందో అందులో తెలుస్తుంది. ‘తెలంగాణ వెదర్‌మ్యాన్’ పేరుతో పోస్టులు పెట్టే టి.బాలాజీ లాంటి ఔత్సాహికులు చదివేది కూడా ఇలాంటి సమాచారాన్నే.

మబ్బు లేకపోయినా ముప్పు ఉంటుందా?

ఉంటుంది. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. అక్కడ, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు పడిన నీరు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు చేరుతుంది. 1908 వరద తర్వాత కట్టిన ఈ జలాశయాలు నిండితే గేట్లు ఎత్తక తప్పదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఎంజీబీఎస్‌లోకి నీళ్లు వచ్చింది ఇలాగే. నది ఒడ్డున ఉండేవాళ్లు ఉస్మాన్‌సాగర్ 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ 1763.5 అడుగులు అన్న పూర్తి మట్టాలను గుర్తుపెట్టుకోవాలి.

చెరువుల కింద ఉన్న కాలనీలది మరో లెక్క. 2020 అక్టోబరు 13 వానకు ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వాన పడితే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్‌లోకి నీరు చొచ్చుకొచ్చింది. చెరువు నిండి ఉంటే రెండో వాన చిన్నదైనా ప్రమాదమే. ‘మొన్న ఇంతకంటే పెద్ద వాన తట్టుకున్నాం’ అనుకోవద్దు.

హెచ్చరిక వచ్చాక?

కాగితాలు, మందులు, ఛార్జర్ ఒక సంచిలో పెట్టుకోండి. నీళ్లు లోపలికి రాకముందే మెయిన్ స్విచ్ ఆపేయండి. పారే నీళ్లలో బండి దించొద్దు, నాలా పక్కన నడవొద్దు. పాత గోడలకు దూరంగా ఉండండి. సాయం కోసం జీహెచ్ఎంసీ 040-21111111, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. పక్కింట్లో స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లుంటే, మీకు తెలిసిన సంగతి వాళ్లకూ చెప్పి రండి.