దేశాంతరమున మైల

మనుస్మృతి పంచమాధ్యాయమున ఆశౌచప్రకరణము చదువునప్పుడు, ప్రవాసకుటుంబముల నిమిత్తమే వ్రాసిరా యన్నట్లు తోచు రెండు శ్లోకములు కనబడును. జ్ఞాతి యొకడు దూరదేశమున గతించెనని పదిదినములు గడవకమున్నే వినినవాడు మిగిలిన దినములు మాత్రము మైల పట్టవలెననియు, పదిదినములు దాటిన పిమ్మట వినినచో మూడు రాత్రులనియు, సంవత్సరము దాటినచో స్నానమాత్రముననే శుద్ధియనియు వాని భావము. తరువాతి నిబంధనకారులు తల్లిదండ్రుల విషయమున ఈ సడలింపు నంగీకరింపలేదు. కుమారుడు ఎన్నాళ్లకు వినినను, వినిన దినము మొదలుకొని పదిదినములు పూర్తిగా పట్టవలసినదే యనిరి. ఆ గ్రంథములలోని వర్ణభేదములతో నాకు పేచీ కలదు; అయినను, దూరమున నున్నవానికి దుఃఖము వార్తతోనే మొదలగుననియు, మొదలైనది ఎప్పుడైనను దానికి కొంత గడువు ఈయవలసినదే యనియు గ్రహించిన ఆ లోకజ్ఞత మెచ్చదగినది.

ఆ గడువు మన తాతలకు నిజముగా అక్కఱకు వచ్చినది. కళింగాంధ్ర తీరమునుండి పొగయోడలెక్కి రంగమునకు (రంగూనునకు) పోయి బియ్యపుమిల్లులలోను, రేవులోను కూలిచేసి బ్రతికినవారికి, ఇంటిలోని చావు జాబై చేరునప్పటికి ఊరిలో పెద్దకర్మ కూడ ముగిసియుండెడిది. ఆ జాబును చదివినంతనే చింపివేయుట, తలస్నానము చేసిగాని లోపల అడుగిడకుండుట పెక్కిండ్ల ఆచారము. పిమ్మట తంతి వచ్చినది. వేళగాని వేళ తంతిజవాను వీధిలో కనబడినచాలు, ఎవరింటి ముందాగునో యని ఆడువారు గుండె చేతబట్టుకొనెడివారు. ఆ తంతి సేవయు 2013 జూలై మాసమున మూతపడినది.

నేడు వార్తకు ఆలస్యము లేదు. గుంటూరులో ప్రాతఃకాలమున ఆరుగంటలకు నాయనమ్మ కన్నుమూసినచో, వేసవిలో డాలసునందు ముందటి తేదీ రాత్రి ఏడున్నరకే మనుమనికి తెలియును. పాడె కట్టుట మొదలు చితి ముట్టించుట వరకు సమస్తమును అతడు అరచేతిలోని ఫోనునందు చూచును. చూచి, తెల్లవాఱగనే బిడ్డను బడిబస్సు ఎక్కించి, తొమ్మిదిగంటల మీటింగునకు కూర్చుండును. పలుకరించుటకు వచ్చువారు లేరు, పొయ్యి వెలిగింపవద్దని అన్నము పట్టుకొనివచ్చు ఇరుగుపొరుగు లేదు. వార్త వడిగా వచ్చినదే గాని, పూర్వము ఆలస్యముగా వినినవానికి సైతము దక్కిన మూడు రాత్రులు ఇతనికి దక్కలేదు.

అమెరికాలో ఆప్తులు గతించినప్పుడు సెలవు నీయవలెనని యజమానులనందఱను నిర్బంధించు ఫెడరల్ చట్టము లేదు. కాలిఫోర్నియాలో 2023 జనవరినుండి, ఐదుగురికి తక్కువగాని ఉద్యోగులున్న సంస్థలు ఐదుదినముల సెలవు నీయవలెను. తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులతోపాటు అవ్వాతాతలు కూడ ఆ జాబితాలో కలరు. అందు లేనివాడు పెదనాయన. తండ్రి చిన్నతనముననే పోగా తనను చదివించి పెండ్లి చేసినవాడు పెదనాయనయే యైనచో, ఆ సంగతిని పై అధికారికి ఏ మాటలతో విన్నవించుకొనగలడు? సెలవు దొరకినను పయనమునకే రెండు దినములు పట్టును. ఖననమును వీలైనంత త్వరగా ముగించు ముస్లిం కుటుంబములలో కడసారి ముఖము చూచుట దాదాపు దుర్లభము.

పురుడుపోయుటకో, మనుమలను చూచుకొనుటకో వచ్చిన తల్లి అమెరికాలోనే గతించినచో కథ వేఱుగానుండును. దేహమును స్వదేశమునకు పంపుటకు మరణధ్రువపత్రము, దేహము చెడకుండ మందులు పట్టించినట్లు పత్రము, అంటువ్యాధి లేదను పత్రము, కాన్సులేటు వారి అనుమతి మున్నగునవి కావలెను. పాస్‌పోర్టును రద్దు చేయింపవలెను. ఈ పత్రముల సేకరణలో పడి ఏడ్చుటకు తీరికయుండదు. కావున పెక్కురు ఇచటనే దహనము చేయింతురు. కట్టెలచితి యుండదు, మూసిన కొలిమి యుండును. పెక్కుచోట్ల దాని బొత్తామును కొడుకుచేత నొక్కింతురు. అదియే అతని పాలిట నిప్పు. మనయందు పాలు చల్లి చితి చల్లార్చి, ఎముకలను చేతితో నేఱుట సంచయనము. ఇచట దహనానంతరము వానిని యంత్రమున పొడిచేసి పెట్టెలో పెట్టి యిత్తురు. చేతితో నేఱుటలో తల్లి దేహము ఇక లేదని వ్రేళ్లకు తెలియు తెలివి యేదో కలదు, అది పొడిలో లేదని నా అభిప్రాయము. ఆ పెట్టెను రాజమహేంద్రవరమునకు కొనిపోవువారు లోహపుకలశము మాని కొయ్యదో ప్లాస్టికుదో వాడుట మేలు. విమానాశ్రయమున ఎక్స్‌రే కిరణములు దానిగుండ పోవలెను, పోనిచో లోనికి రానీయరు.

చివరకు మిగులునది తద్దినము. తిథి సూర్యచంద్రుల నడుమ పండ్రెండేసి భాగల దూరమును బట్టి పుట్టునది గనుక, అది మారు క్షణము లోకమంతటికిని ఒక్కటియే. తేదీలు మాత్రము వేఱగును. కావున మరణసమయమును ఏ ఊరి గడియారము ననుసరించి చెప్పుచున్నారో స్పష్టముగా వ్రాసియుంచి, దానినిబట్టి మాసపక్షతిథులను ఒక్కమాఱు నిర్ణయించుకొని, ఆపై ఏటేట తాముండు ఊరి పంచాంగమునందు అపరాహ్ణమునకు ఆ తిథి యున్న దినమును చూచుకొనవలెను. అట్లు చూచినచో గుంటూరులో అన్న ఇరువదవ తేదీన, డాలసులో తమ్ముడు పందొమ్మిదవ తేదీన పెట్టవలసి వచ్చుట కలదు; ఇరువురిదియు శాస్త్రసమ్మతమే గనుక, ఫోనులో తగవులాడుకొన పనిలేదు.