సొలిసిటర్ శిక్షణ ఒప్పందం

ఇంగ్లాండు, వేల్స్‌లలో సొలిసిటర్ కాగోరే అభ్యర్థికి, శిక్షణ ఇచ్చే న్యాయసంస్థకు మధ్య కుదిరే రెండేళ్ళ ఒప్పందాన్ని శిక్షణ ఒప్పందం లేదా ట్రైనింగ్ కాంట్రాక్ట్ అంటారు. ఈ కాలంలో అభ్యర్థులు జీతం తీసుకుంటూ, అనుభవజ్ఞులైన సొలిసిటర్ల పర్యవేక్షణలో పనిచేస్తారు. సాధారణంగా ఆరేసి నెలల చొప్పున నాలుగు విభాగాలలో పని నేర్చుకుంటారు.

ఇంగ్లాండు న్యాయవాది అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది బారిస్టరే. టంగుటూరి ప్రకాశం పంతులు లండన్ వెళ్ళి చదివినది, మొక్కపాటి నరసింహశాస్త్రి నవలలోని పార్వతీశం బయలుదేరినది ఆ చదువు కోసమే. కోర్టులో నిలబడి వాదించడం ప్రధానంగా బారిస్టర్ పని. కక్షిదారులు మొదట కలిసేది, ఆస్తి కొనుగోళ్ళు, వీలునామాలు, కంపెనీల ఒప్పందాలు చూసేది సొలిసిటర్. భారతదేశంలో 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం న్యాయవాదులందరినీ అడ్వొకేట్లుగానే గుర్తిస్తుంది కనుక ఈ తేడా ఇక్కడి విద్యార్థులకు వెంటనే స్ఫురించదు.

చరిత్ర

18వ శతాబ్దపు చట్టం ప్రకారం ఈ వృత్తిలో చేరేవారు ఐదేళ్ళు ఒక న్యాయవాది వద్ద గుమాస్తాగా ఉండాలి. వీరిని ఆర్టికల్డ్ క్లర్కులు అనేవారు. జీతం మాట అటుంచి, చేర్చుకున్నందుకు యజమానికే పెద్ద మొత్తం చెల్లించవలసి వచ్చేది. అందువల్ల కలిగినవారి పిల్లలకే ఈ వృత్తి అందుబాటులో ఉండేది. స్త్రీలకు ఆ అవకాశం కూడా లేదు. 1913లో ఈ విషయమై స్త్రీలు వేసిన వ్యాజ్యం ఓడిపోయింది. 1919లో చట్టం మారిన తరువాత, 1922లో క్యారీ మారిసన్ తొలి మహిళా సొలిసిటర్ అయింది.

1993లో లీగల్ ప్రాక్టీస్ కోర్సు అనే వృత్తి విద్య మొదలైంది. దీనితో ఒక చిక్కు వచ్చిపడింది. అప్పు చేసి, లండన్‌లో 10 వేల పౌండ్లు దాటిన రుసుము కట్టి కోర్సు పూర్తి చేసినా, ఏ సంస్థా శిక్షణకు తీసుకోకపోతే ఆ విద్యార్థి సొలిసిటర్ కాలేడు. ఇలా మధ్యలో నిలిచిపోయినవారు ఎందరో న్యాయ సహాయకులుగా, అంటే పారాలీగల్‌లుగా, ఏళ్ళ తరబడి పనిచేశారు. వారు చేసే పని శిక్షణలో ఉన్నవారి పని వంటిదే అయినా అది చాలావరకు లెక్కలోకి వచ్చేది కాదు.

2021 సెప్టెంబరు నుండి సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్ అమలులోకి వచ్చింది. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది 360 బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష. రెండవది కక్షిదారుతో మాట్లాడడం, దస్తావేజు రాయడం వంటి నైపుణ్యాలను పరీక్షిస్తుంది. దీనితోపాటు డిగ్రీ లేక తత్సమానమైన అర్హత, సత్ప్రవర్తన, రెండేళ్ళ పని అనుభవం అవసరం. ఈ అనుభవాన్ని గరిష్ఠంగా నాలుగు సంస్థలలో పొందవచ్చు. పారాలీగల్ ఉద్యోగం, విశ్వవిద్యాలయాలు నడిపే ఉచిత న్యాయ సలహా కేంద్రాలలో చేసిన సేవ కూడా లెక్కకు వస్తాయి. కాబట్టి శిక్షణ ఒప్పందం ఇప్పుడు ఏకైక ద్వారం కాదు. అయినా పెద్ద సంస్థలు నేటికీ ఈ పద్ధతిలోనే కొత్తవారిని తీసుకుంటున్నాయి.

దరఖాస్తు

పెద్ద సంస్థలు సుమారు రెండేళ్ళు ముందుగానే ఎంపిక జరుపుతాయి. న్యాయశాస్త్రం చదివేవారు డిగ్రీ రెండవ సంవత్సరంలోను, ఇతర శాస్త్రాలవారు చివరి సంవత్సరంలోను దరఖాస్తు మొదలుపెట్టడం పరిపాటి. సెలవులలో ఒకటి నుండి మూడు వారాలు సంస్థలో పనిచేయించి చూసే పథకాలున్నాయి. కొన్ని సంస్థలు తమకు కావలసినవారిలో అధికభాగాన్ని వీటి నుండే ఎంచుకుంటాయి. అందువల్ల ఈ పథకాల గడువే అసలు గడువు అనుకోవాలి. చిన్న ఊళ్ళలోని సంస్థలు ఇంత ముందుగా చూడవు. అవి తమ వద్ద పనిచేస్తున్న పారాలీగల్‌లనే చేర్చుకోవడం కూడా కద్దు.

దరఖాస్తులో ఎక్కువమంది తడబడేది "మా సంస్థే ఎందుకు?" అన్న ప్రశ్న దగ్గర. "మీ సంస్థకు అంతర్జాతీయ ఖ్యాతి ఉంది" అనే వాక్యాన్ని వంద సంస్థలకు రాయవచ్చు. రాసిన జవాబులో సంస్థ పేరు తీసి మరొక పేరు పెట్టి చదవాలి. అర్థం చెడకపోతే ఆ జవాబు ఊకదంపుడే. ఓడల వ్యాపారం చూసే సంస్థకు, కుటుంబ వివాదాలు చూసే సంస్థకు ఒకే కారణం చెప్పడం కుదరదు గదా! యాభై చోట్లకు ఒకే పత్రం పంపడం కన్నా ఏడెనిమిది సంస్థల పనిని శ్రద్ధగా చదివి రాయడం మేలు. ఒక సంస్థకు పంపే పత్రంలో మరో సంస్థ పేరు మిగిలిపోతే ఇక చెప్పనక్కరలేదు.

న్యాయసంస్థలో పనిచేసిన అనుభవం లేదని చిన్నబుచ్చుకోనవసరం లేదు. దుకాణంలో కోపంతో వచ్చిన కొనుగోలుదారుకు సర్దిచెప్పి పంపినవారు ఆ సంగతిని వివరంగా రాస్తే, పేరున్న కార్యాలయంలో వారం రోజులు ఊరికే కూర్చున్న అనుభవం కన్నా బాగా పనిచేస్తుంది.

తరువాతి దశలో చాలా సంస్థలు వాట్సన్-గ్లేసర్ అనే వివేచన పరీక్ష పెడతాయి. ఇందులో ఇచ్చిన వాక్యాల మేరకే తీర్పు చెప్పాలి. ఉదాహరణకు "ఊరిలోని పది దుకాణాలలో ఆరు మూతబడ్డాయి" అని ఉంటే, ఆ ఊరి వ్యాపారం తగ్గిందని తేల్చడానికి వీలులేదు; మిగిలిన నాలుగు పెద్దవై ఉండవచ్చు. లోకజ్ఞానం ఎక్కువగా ఉన్నవారే ఇక్కడ తరచు పొరబడతారు.

ఇంటర్వ్యూలో వ్యాపార దృష్టిని పరిశీలిస్తారు. కక్షిదారు ఒక కర్మాగారాన్ని కొంటున్నాడని చెప్పి ఏమి చూడాలో అడగవచ్చు. భూమి హక్కులు, పనివారి ఒప్పందాలు, పాత అప్పులు, నడుస్తున్న దావాలు, కాలుష్య బాధ్యత అని వరుసగా ఆలోచించగలిగితే చాలు, సెక్షన్లు వల్లించనక్కరలేదు.

ఖర్చు, అనుభవ ధ్రువీకరణ

పరీక్ష రుసుము రెండు భాగాలకు కలిపి సుమారు 5 వేల పౌండ్లు. కోచింగ్ ఖర్చు వేరు. ముందుగా ఒప్పందం కుదిరినవారికి పెద్ద సంస్థలు ఈ ఖర్చు భరించి, భత్యం కూడా ఇస్తాయి. మొదటి భాగంలో చాలా విడతలలో దాదాపు సగం మందే ఉత్తీర్ణులయ్యారు. ఆరేళ్ళలో మూడు ప్రయత్నాలే ఉంటాయి. కనుక ఒప్పందం కోసం ప్రయత్నించకుండానే సొంత డబ్బుతో పరీక్షకు కూర్చోవడం తొందరపాటు.

పారాలీగల్‌గా అనుభవం పొందేవారు చేసిన పనిని తేదీలతో రాసి ఉంచుకోవాలి. ఆ అనుభవాన్ని ధ్రువీకరించవలసినది సొలిసిటర్ లేదా ఆ సంస్థ నియమపాలన అధికారి. పర్యవేక్షించిన సొలిసిటర్ వేరే చోటికి వెళ్ళిపోయాక సంతకం కోసం వెదకడం కష్టం కాబట్టి, ఉద్యోగం మారేటప్పుడే ఆ పని ముగించుకోవాలి.

విదేశీ విద్యార్థులు

భారతదేశం నుండి వెళ్ళిన విద్యార్థులు సంస్థకు స్కిల్డ్ వర్కర్ వీసా స్పాన్సర్ లైసెన్సు ఉన్నదో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. చిన్న సంస్థలలో చాలావాటికి అది ఉండదు. డిగ్రీ తరువాత లభించే గ్రాడ్యుయేట్ వీసా ఒక్కదాని మీదే ఆధారపడి రెండేళ్ళ శిక్షణ పూర్తి చేయడం కష్టం. ఇక భారతదేశంలో ఇప్పటికే అడ్వొకేట్‌గా నమోదైనవారికి రెండేళ్ళ అనుభవ నియమం వర్తించదు. వారు పరీక్ష ఉత్తీర్ణులై, సత్ప్రవర్తన నియమాన్ని నెరవేరిస్తే, శిక్షణ ఒప్పందం లేకుండానే సొలిసిటర్‌గా చేరవచ్చు.