గేదెకు బీమాయా, వైద్యానికి పొదుపా?

సభ్య సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడల్లా మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "ఏటా బీమాకు కట్టే ప్రీమియం, గేదె బతికి ఉంటే తిరిగి రాదు గదా. ఆ డబ్బే విడిగా దాచుకుంటే డాక్టరు ఖర్చుకైనా పనికొస్తుంది. అలా చేయరాదా?" అని. ఇలా అడిగేవారు అమాయకులు కారు. వారిలో ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టి ఒక్క రూపాయి తిరిగి చూడనివారున్నారు. కట్టకుండా ఉండి ఒక్క రాత్రిలో గేదెను పోగొట్టుకున్నవారూ ఆ పక్కనే కూర్చుని ఉంటారు. అందువల్ల మాట పెరగడమే గాని తేలడం ఉండదు.

మా అభిప్రాయం ముందే చెబుతున్నాము. ఒకటి రెండు పశువులున్న సభ్యులు బీమాయా, పొదుపా అని అడుగవలసిన పని లేదు. వారికి రెండూ కావలసినవే, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు నష్టాలకు సంబంధించినవి. పశువులు ఎక్కువగా ఉన్నవారి సంగతి కొంత వేరు. దానిని తరువాత చూద్దాము.

పశువుల బీమా అనగానే చాలామంది మనుషుల ఆరోగ్య బీమా వంటిదే అనుకుంటున్నారు. ఆసుపత్రికి తోలుకుపోతే బిల్లు కంపెనీ కడుతుందని ఆశిస్తున్నారు. నగరాలలో పెంపుడు కుక్కలకు చికిత్స ఖర్చు కూడా ఇచ్చే పాలసీలు వచ్చిన మాట నిజమే. మన పాడి పశువులకు మామూలుగా రాసే పాలసీ అటువంటిది కాదు. జబ్బు వల్ల గాని, పిడుగు, అగ్ని, వరద వంటి ప్రమాదం వల్ల గాని పశువు చనిపోతే దాని విలువ చెల్లించడమే ఆ పాలసీ పని. కొంత అదనపు ప్రీమియం కడితే, బతికి ఉండీ శాశ్వతంగా పాలివ్వలేని స్థితికి వచ్చిన పశువుకు కూడా పరిహారం ఉంటుంది. అది చాలా పాలసీలలో బీమా మొత్తంలో 75 శాతం మాత్రమే. పొదుగువాపుకు వేసిన ఇంజెక్షన్లకు, పాల జ్వరానికి ఎక్కించిన కాల్షియం సీసాలకు, రాత్రివేళ వచ్చిన డాక్టరు ప్రయాణ ఖర్చుకు అది నయాపైసా ఇవ్వదు. ఇది తెలియక "బీమా ఉన్నది గదా" అని చేతిలో చిల్లర కూడా ఉంచుకోనివారిని మేము చూశాము.

ఇక లెక్క. ఒక గేదె ధర 80,000 రూపాయలనుకుందాము. నూటికి 4 రూపాయల ప్రీమియం అయితే ఏడాదికి 3,200 రూపాయలు. ఈ 3,200 రూపాయలను కంపెనీకి కట్టకుండా ఏటా దాచుకుంటూ పోతే, వడ్డీ మాట పక్కన పెడితే, గేదె ధర పోగుపడడానికి 25 సంవత్సరాలు పడుతుంది. లీటరుకు ఒక రూపాయి చొప్పున తీసి పెడదామంటే, రోజుకు 6 లీటర్లు, పాలిచ్చే 300 రోజులకు 1,800 రూపాయలు. ఆ లెక్కన 44 ఏళ్ళు దాటుతుంది. గేదె అన్నాళ్ళు ఆగి చనిపోదు. రెండవ ఏట చనిపోతే దాచినది 3,600. మిగిలిన 76,400 ఎక్కడినుంచి వస్తుంది? వడ్డీ వ్యాపారి దగ్గరినుంచి వస్తుంది. లేదా ఆ ఇంట పాడి ఆగిపోతుంది, సంఘానికి పాలు పోసేవారి జాబితాలో ఒక పేరు తగ్గుతుంది. కాబట్టి ఒకే గేదె మీద ఇల్లు నడుస్తున్నవారు, అప్పు తెచ్చి గేదెను కొన్నవారు బీమా మానరాదు. అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు పాలసీలో ఉన్నట్లయితే పరిహారం ముందుగా అప్పు ఖాతాకే జమ అవుతుంది. చేతికి ఏమీ రాలేదని కొందరు బాధపడతారు గాని, తలమీది అప్పు దిగడం చిన్న సంగతి కాదు.

పది గేదెలున్నవారికి ఇదే లెక్క మరొక రకంగా ఉంటుంది. ఏడాదికి 32,000 రూపాయల ప్రీమియం. అంటే సుమారు రెండున్నర ఏళ్ళకు ఒక గేదె చనిపోతే గాని కట్టినదీ వచ్చినదీ సమానం కావు. కంపెనీ తన ఖర్చులు, లాభం కూడా ఈ ప్రీమియంలోనుంచే తీసుకుంటుంది గదా. శుభ్రమైన కొట్టం, వేళకు టీకాలు, దగ్గరలో డాక్టరు ఉండి, ఒక గేదె పోయినా తట్టుకోగల రైతు, మేలైన రెండు మూడింటికి మాత్రమే బీమా చేయించి మిగతా ప్రీమియాన్ని నిజంగా బ్యాంకులో వేసుకుంటే తప్పు లేదు. "నిజంగా" అని ఎందుకన్నామంటే, దాచుకుంటామని బీమా మానినవారిలో ఎందరు దాచారో సంఘాల కార్యదర్శులను అడిగితే చెబుతారు.

పై లెక్కలన్నీ పూర్తి ప్రీమియం రైతే కట్టే పక్షంలో వేసినవి. ప్రభుత్వ సహాయం ఉన్నప్పుడు ఆలోచించవలసిన పనే లేదు. కేంద్ర ప్రభుత్వం 2005-06లో 100 జిల్లాలలో ప్రయోగాత్మకంగా పశువుల బీమా పథకం మొదలుపెట్టి సగం ప్రీమియం తాను భరించింది. అప్పట్లో ఒక్కొక్కరికి రెండు పశువులకే ఆ సౌకర్యం. 2014-15 నుంచి అది జాతీయ పశుసంపద మిషన్‌లో భాగమైంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం చేసిన మార్పు ప్రకారం రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే. పై ఉదాహరణలో 3,200కు 480 రూపాయలన్నమాట. అయితే ఈ పథకం కింద ఏ ఏడాది, ఏ జిల్లాలో, ఏ కంపెనీ ద్వారా పాలసీలు ఇస్తున్నారన్నది రాష్ట్ర పశుసంవర్ధక శాఖ నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. సంఘ కార్యదర్శులు పశువైద్యశాలలో ముందుగానే విచారించి, పాల కేంద్రం గోడమీద రాసి పెట్టవలెను. గడువు దాటిన తరువాత తెలిస్తే ఫలితం ఉండదు.

పొదుపు విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. దీనినే మన సంఘాలు ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నాయి.

పాడి పశువుకు వచ్చే జబ్బులలో ఎక్కువ భాగం చంపేవి కావు. పొదుగువాపు, మాయ పడకపోవడం, తిరగపొర్లడం, కడుపు ఉబ్బరం, గిట్టల పుండ్లు. వీటికయ్యే ఖర్చు విడివిడిగా చూస్తే చిన్నదే గాని ఏడాదిలో రెండు మూడుసార్లు వస్తుంది. మందుల ఖర్చుతో సరిపోదు కూడా. పొదుగువాపుకు యాంటిబయాటిక్ వేసిన రోజులలోను, ఆ తరువాత డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయరాదు. రోజుకు 6 లీటర్లు, లీటరు 50 రూపాయల లెక్కన 5 రోజులకే 1,500 రూపాయల ఆదాయం పోతుంది. ఈ నష్టానికి బీమా లేదు. చేతిలో డబ్బు లేని సభ్యుడు ఆ పాలను చాటుగా పోయడానికి చూస్తాడు. దానివల్ల అందరి పాలూ చెడతాయి. సభ్యుడి దగ్గర కాస్త పొదుపు ఉండడం సంఘానికి కూడా మేలు అనడానికి ఇదొక కారణం.

ఇంకొక సంగతి. ఈనిన మూడు రోజుల లోపల ఎక్కువగా వచ్చే పాల జ్వరాన్నే తీసుకోండి. కాల్షియం సకాలంలో నరానికి ఎక్కిస్తే చాలా గేదెలు కొద్ది గంటలలోనే లేచి నిలబడతాయి. డబ్బు కోసం తెల్లవారేదాకా చూస్తే లేవకనే పోవచ్చు. అటువంటి మరణానికి పరిహారం అడిగినప్పుడు కంపెనీవారు వేసే మొదటి ప్రశ్న, డాక్టరుకు చూపించారా అన్నదే. అర్హత లేనివారి చేత వైద్యం చేయించినందువల్ల కలిగిన మరణానికి పాలసీ వర్తించదు. కాబట్టి చికిత్సకు డబ్బు దాచుకోనివారికి బీమా కూడా సరిగా అక్కరకు రాదు.

పొదుపు ఎలా చేయాలి? పదిహేను రోజుల పాల బిల్లులో లీటరుకు ఒక రూపాయి సభ్యుడి లిఖిత సమ్మతితో విరిచి, అతని పేరుననే బ్యాంకు ఖాతాలో జమ చేయడం అన్నిటికన్నా తేలిక. పాలిచ్చే రోజులలోనే విరుస్తారు గనుక వట్టిపోయిన కాలంలో భారం ఉండదు. జబ్బులు ఎక్కువగా ఈనిన కొత్తలో వస్తాయి గనుక, వెనుకటి ఈతలో దాచినది ఈ ఈతకు సిద్ధంగా ఉంటుంది. ఈ డబ్బు సంఘం నిధులలో కలపరాదని మేము గట్టిగా చెబుతున్నాము. కలిపిన చోట మూడో ఏడు తిరిగేసరికి ఎవరిది ఎంతో లెక్క తేలక తగాదాలు వచ్చాయి. పెళ్ళిళ్ళకూ పండుగలకూ తీసేస్తారన్న భయం ఉన్నదే. డాక్టరు చీటీ చూపితేనే ఇవ్వాలని నియమం పెట్టిన సంఘాలున్నాయి గాని, రాత్రి రెండు గంటలకు గేదె పడిపోతే చీటీ కోసం కార్యదర్శిని లేపడం ఏమంత మంచి పద్ధతి? ఎవరి డబ్బు వారి చేతికి అందేట్లుండడమే మేలు.

కొన్ని గ్రామాలలో సభ్యులందరూ చందా వేసుకుని, చనిపోయిన పశువుకు ఆ నిధినుంచి పరిహారం ఇద్దామని తలపెడుతున్నారు. ఉద్దేశం మంచిదే. కాని గొంతువాపు గాని, గాలికుంటు గాని వస్తే ఒక్క ఇంటికి వచ్చి పోదు. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశంలో అనేక రాష్ట్రాలలో ఎలా పాకిందో చూశాము. ఒక్క వారంలో పది పశువులు పోతే గ్రామనిధి మొదటి రెండింటికే అయిపోతుంది. ఎన్నో జిల్లాల ప్రీమియం ఒకచోట చేరేది ఇటువంటి కష్టం తట్టుకోవడానికే. పైగా ఇంత చందా కడితే ఇంత పరిహారం ఇస్తామని హామీ రాసి వసూలు చేయడం బీమా వ్యాపారం కిందికి వస్తుంది. దానికి వేరే చట్టమూ, అనుమతీ ఉన్నాయి. గ్రామనిధి పెట్టదలచినవారు దానిని టీకా మందులు నిలువ చేసే చల్లటి పెట్టెకో, పశువులను కట్టే ట్రావిసుకో వాడుకుంటే మంచిది.

బీమా చేయించినవారు జాగ్రత్త పడవలసినవాటిలో మొదటిది చెవిపోగు. ఒక సంఘంలో మేము కలిసిన సభ్యురాలికి ఒకే గేదె, అప్పు మీద కొన్నది. గడ్డి తొట్టి అంచుకు రాసుకుని చెవి చినిగి పోగు ఊడిపోయింది. ఆమె దానిని కడిగి, పోకుండా రేకుపెట్టెలో దాచింది. నాలుగు నెలల తరువాత గేదె చనిపోయింది. పెట్టెలోని పోగు తీసి చూపితే, పశువు చెవికి లేని పోగు చెల్లదని క్లెయిము తిరగగొట్టారు. ఆమె ప్రీమియం కట్టింది, డాక్టరును పిలిచింది, పోగును సైతం భద్రపరిచింది. చేయనిదల్లా పోగు ఊడిన నాడే కంపెనీకి తెలిపి కొత్తది వేయించుకుని, ఆ నంబరు పాలసీలో రాయించుకోకపోవడం. అలా చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవారిలో సంఘమూ ఉన్నది, మేమూ ఉన్నాము. అప్పు వాయిదాలు ఆమె ఇప్పుడు కూలి డబ్బులతో కడుతున్నది.

అందుచేత ప్రతి సంఘంలోను ఒక బీమా పుస్తకం ఉంచాలని కోరుతున్నాము. అందులో సభ్యుల పేర్లు, పోగు నంబర్లు, పాలసీ ముగిసే తేదీలు ఉండవలెను. పశుసంవర్ధక శాఖవారు వేసే పోగుమీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. కంపెనీ తన పోగు వేరుగా వేసినట్లయితే ఆ నంబరు కూడా రాసుకోవలెను. పాలసీ తీసుకున్న తరువాత మొదటి 15 రోజులలో జబ్బుతో చనిపోతే పరిహారం రాదు గనుక, జబ్బు కనబడిన తరువాత బీమాకు పరుగెత్తడం వృథా. గొంతువాపు, జబ్బవాపు వంటివాటికి టీకా వేయించిన దాఖలా లేకపోతే చిక్కులు వస్తాయి. గాలికుంటు టీకా 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానే వేస్తున్నారు. వేసిన రోజున కార్డులో రాయించుకోవడం మరువరాదు.

పశువు చనిపోతే ముందు కంపెనీకి తెలిపి, తరువాత డాక్టరు చేత పోస్టుమార్టం చేయించి, ఆ నివేదికను పాలసీ కాగితం, క్లెయిము ఫారంతో కలిపి పంపవలెను. పోగుతో సహా ఫోటో తీయకుండా పూడ్చరాదు. ఒక్క సందర్భంలో మాత్రం తొందరపడరాదు. ఏ జబ్బూ కనబడకుండా హఠాత్తుగా చనిపోయి, ముక్కునుంచి, వెనుకనుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే అది దొమ్మరోగం కావచ్చు. ఆ కళేబరాన్ని ఎవరూ కోయరాదు, తోలు తీయరాదు. అది మనుషులకు కూడా సోకుతుంది. డాక్టరు వచ్చి రక్తపు చుక్క పరీక్షకు తీసి, పోస్టుమార్టం ఎందుకు చేయలేదో ధ్రువపత్రంలో రాస్తారు. ఆ మాట రాయించుకుని, ప్రతి ఒకటి సంఘంలో ఉంచి, మిగతా కాగితాలతో పాటు కంపెనీకి పంపవలెను.