పొలంలో సెన్సార్ నోడ్లు విఫలమైనప్పుడు: నెట్‌వర్క్ జీవితకాలాన్ని పొడిగించే మార్గాలు

నేలలోని తేమను కొలిచి నీటి తడులను నిర్ణయించడంలో వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్కులు ఉపయోగపడుతున్నాయి. వీటిలో ప్రతి నోడ్‌కు తేమ సెన్సార్, రేడియో, బ్యాటరీ ఉంటాయి. దూరపు నోడ్ల సమాచారం మధ్యనున్న నోడ్ల ద్వారా గేట్‌వేకు చేరుతుంది. అందువల్ల ఒక నోడ్ ఆగిపోతే దాని వెనుకనున్న నోడ్ల కొలతలు కూడా అందకుండా పోవచ్చు.

వైఫల్యానికి కారణాలు

సాధారణంగా నోడ్ శక్తిలో అధిక భాగం రేడియోకే ఖర్చవుతుంది. 20 మిల్లీ ఆంపియర్లు వాడే రేడియోను నిరంతరం పనిచేయిస్తే 2,500 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ 125 గంటల్లో, అంటే సుమారు 5 రోజుల్లో ఖాళీ అవుతుంది. రేడియోను 1 శాతం సమయమే పనిచేయిస్తే, ఇతర ఖర్చులను మినహాయించి, లెక్క ప్రకారం సుమారు 17 నెలలు వస్తుంది. నేల తేమ నెమ్మదిగా మారుతుంది కనుక ఈ విరామం వల్ల తడి నిర్ణయానికి లోటు రాదు.

అయితే భారం అన్ని నోడ్లపై సమానంగా పడదు. వరుసగా 10 నోడ్లు ఉంటే చివరిది ఒక్క సందేశాన్నే పంపుతుంది. గేట్‌వే పక్కనున్నది పదింటినీ పంపాలి. అదే ముందుగా ఆగిపోతుంది. పైగా పైరు ఎదిగిన కొద్దీ ఆకుల్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బలహీనపరుస్తుంది. విత్తిన నాడు అందిన సంకేతం పూత దశలో అందకపోవచ్చు.

నివారణ

2000లో హైంజెల్‌మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ ప్రతిపాదించిన 'లీచ్' పద్ధతిలో నోడ్లు సమూహాలుగా ఏర్పడి, నాయకత్వ భారాన్ని వంతులవారీగా మోస్తాయి. నాయక నోడ్ సభ్యుల కొలతలను క్రోడీకరించి నేరుగా కేంద్రానికి పంపుతుంది. విశాలమైన పొలాల్లో నాయక నోడ్ల మధ్య అంచెలవారీ ప్రసారం అవసరమవుతుంది. గేట్‌వే సమీపంలో అదనపు నోడ్లను నిద్రావస్థలో ఉంచి, పనిచేసే నోడ్ ఆగినప్పుడు మేల్కొల్పవచ్చు. యాంటెన్నాను ఎదిగిన పైరు కంటే ఎత్తులో అమర్చాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినది

ఆగిపోయిన నోడ్ చివరి కొలతనే తెర చూపుతూ ఉంటే, తేమ చాలినంత ఉందని భ్రమపడి కీలక దశలో తడిని వాయిదా వేసే ప్రమాదం ఉంది. కనుక ప్రతి కొలత పక్కన అది నమోదైన సమయం కనిపించాలి. గడువు దాటిన కొలతను నిర్ణయానికి వాడరాదు. నెట్‌వర్క్ జీవితకాలాన్ని మొదటి నోడ్ ఆగిన రోజుతో కాక, ప్రతి మడి నుంచి కనీసం ఒక నమ్మదగిన కొలత అందే చివరి రోజుతో లెక్కించాలి. ఇందుకు మడికి రెండు నోడ్లను వేర్వేరు మార్గాల్లో గేట్‌వేకు అనుసంధానించడం మేలు.