కారుచున్న కొళాయి, క్రుంగిన తలుపు

కొళాయి కారుచున్నదని మా ఆవిడ మొదటిసారి చెప్పినది 2024 ఫిబ్రవరిలో. "ఆదివారము చూద్దాము" అన్నాను. ఆఫీసులో కాగితములు పెండింగు పెట్టుట అలవాటైన చేతికి ఇంటిలో కొళాయిని పెండింగు పెట్టుట ఏమి కష్టము? నాలుగు ఆదివారములు గడచినవి. గట్టిగా బిగించినప్పుడు కొంచెము తగ్గెడిది, మరునాటికి మరల మొదలయ్యెడిది.

బెంగుళూరులో ఆ వేసవి ఎటువంటిదో ఇక్కడి మనవారికి వేరుగా చెప్పనక్కర లేదు. ఎన్నో బోర్లు ఎండిపోయినవి. మార్చి నెలలో జలమండలివారు త్రాగునీటితో కార్లు కడిగినను, తోటలు తడిపినను 5,000 రూపాయలు జరిమానా అని ప్రకటించిరి. మేమును నలుగురితోపాటు టాంకరు నీరు కొని మిద్దెమీది ట్యాంకు నింపుకొన్నాము. సరిగా ఆ రాత్రియే, నా బిగింపులకు అరిగిపోయిన కొళాయి లోపలి మర జారి, నీరు ధారగా పడసాగినది. ఇంటిలో ఐదుగురము ఉన్నాము. నీటిని ఆపే వాల్వు ఎక్కడ ఉన్నదో ఒక్కరికీ తెలియదు. టార్చిలైటు పట్టుకొని మిద్దె ఎక్కి, వెదకి, దానిని త్రిప్పునప్పటికి ట్యాంకు అడుగు కనబడినది. బిందెలకు, బకెట్లకు పట్టినది పోగా మిగిలినదంతా కాలువపాలైనది.

మరునాడు వచ్చిన పనివాడు కొళాయి విప్పి, చితికిపోయిన వాషరును నా అరచేతిలో పెట్టి, "ఇదక్కె హత్తు రూపాయి సార్" అన్నాడు. పది రూపాయల వస్తువు! దానిని సమయానికి మార్చనందుకు కొత్త కొళాయి, పనివాని కూలి, ఒక ట్యాంకు నీరు చెల్లించుకొన్నాను. ఇంటిపని ఏదైనను కనబడిన రోజున చౌక, వాయిదా వేసిన రోజున ఖరీదు. ఆ పాఠము తరువాత నేర్చుకొన్న కొన్ని పనులను మన కుటుంబములవారికి చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా వాల్వు

ఈ వ్యాసము చదివి మరేమి చేయకపోయినను ఈ ఒక్కటి చేయండి. ట్యాంకునుండి ఇంటిలోనికి వచ్చు పైపుమీద వాల్వు ఎక్కడ ఉన్నదో చూచి, ఇంటిలో పిల్లలతో సహా అందరికీ చూపండి. స్నానాల గదికి, వంటయింటికి వేర్వేరు వాల్వులు ఉన్నచో ఏది దేనికో రంగుతో వ్రాసి పెట్టండి. రెండు మూడు నెలలకు ఒకసారి దానిని మూసి తెరచుచుండవలెను. ఏండ్ల తరబడి కదలని వాల్వు అవసరమునకు కదలదు.

చుక్కల లెక్క

కొళాయిక్రింద ఒక లీటరు చెంబు పెట్టి గడియారము చూడండి. గంటకు ఆ చెంబు నిండినచో రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. బెంగుళూరుకు వచ్చు కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించగా వచ్చుచున్నది. అంత శ్రమపడి వచ్చిన నీరు మన గడప లోపల చుక్కచుక్కగా పోవుట న్యాయము కాదు.

వాషరు మార్చుట

దీనిని హైదరాబాదువారు నల్లా అందురు, కన్నడిగులు నల్లి అందురు, మరాఠీవారు నళ్ అందురు, అరవవారి కుళాయి మనకు కొళాయి. పేరేదైనను, నాలుగైదు చుట్లు త్రిప్పి మూయు పాతరకము కొళాయిలో పని ఒక్కటే. పిడి త్రిప్పినప్పుడు చిన్న రబ్బరు బిళ్ళ క్రిందికి దిగి నీటి రంధ్రమును మూయును. రబ్బరు గట్టిపడినను, చితికినను చుక్కలు కారును. అప్పుడు బలముకొద్దీ బిగించుట వలన ఆ రంధ్రపు అంచు, లోపలి మర రెండును చెడును. నేను చేసిన తప్పు అదియే.

మొదట వాల్వు మూసి, కొళాయి తెరచి పైపులోని నీరు పోనివ్వండి. పిడి క్రిందనున్న పెద్ద నట్టుకు గుడ్డ చుట్టి (లేనిచో మెరుగు గీసికొనిపోవును) స్పానరుతో ఎడమవైపుకు త్రిప్పండి. పైభాగము మొత్తము ఊడి వచ్చును. దాని అడుగున వాషరు ఉండును. పాతదానిని దుకాణమునకు తీసికొనిపోయి అదే కొలతది తెచ్చుకొనవలెను. లోపల పట్టిన పాచిని, సున్నమును తుడిచి, కొత్తది అమర్చి, పిడిని తెరచిన స్థితిలోనే ఉంచి నట్టు బిగించండి. మూసిన స్థితిలో బిగించినచో కొత్త వాషరు అప్పుడే నలిగిపోవును. మొదటిసారి నాకు ముప్పావుగంట పట్టినది. ఇప్పుడు పది నిమిషములు.

పావు చుట్టుతో మూసుకొను ఈనాటి కొళాయిలలో తరచుగా వాషరుకు బదులు పింగాణి బిళ్ళల కాట్రిడ్జి ఉండును. దానిని మొత్తముగా మార్చవలసినదే. పైపు అతుకువద్ద మర సందులోనుండి నీరు వచ్చుచున్నచో విప్పి, మర త్రిప్పి ఎక్కించు దిక్కుననే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించవలెను. ఎదురుదిక్కున చుట్టిన టేపు మర ఎక్కునప్పుడు ఊడిపోవును.

కనబడని కారుట

కొళాయి కారినచో చప్పుడు వినబడును. పాయిఖానా ఫ్లష్ ట్యాంకు కారినచో వినబడదు, కనబడదు. బట్టలకు వేయు నీలిమందు నాలుగు చుక్కలు ఆ ట్యాంకులో వేసి, అరగంట ఎవరును ఫ్లష్ చేయకుండ ఉంచండి. క్రింది గిన్నెలో నీలిరంగు కనబడినచో అడుగున ఉన్న రబ్బరు మూత సరిగా కూర్చొనుట లేదన్నమాట. ఒక్కొక్కప్పుడు దానిని కడిగి తిరిగి పెట్టిన చాలును, లేదా కొత్తది వేయవలెను.

బోరు నీరు వాడు ఇండ్లలో కొళాయి మూతికి, షవరు రంధ్రములకు తెల్లగా గట్టిపడునది సున్నపు పదార్థమే. ఆ భాగమును విప్పి రాత్రి వెనిగరులో గాని, నిమ్మరసములో గాని నానవేసి, ఉదయము పాత పండ్లబ్రష్షుతో తోమండి. పులుపునకు సున్నము కరగును. ఒక్క హెచ్చరిక: వెనిగరుగాని, యాసిడ్‌గాని బ్లీచింగుతో ఎన్నడును కలపరాదు. దానినుండి వచ్చు క్లోరిన్ వాయువు ప్రాణాపాయకరము.

క్రుంగిన తలుపు

వానాకాలములో తలుపు పట్టుచున్నదని వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించెదము. వేసవికి కొయ్య ఆరి తగ్గును, అప్పుడు తలుపు సందులోనుండి బల్లులు రాకపోకలు సాగించును. ముందుగా బందుల మరమేకులు చూడండి. పైబందు వదులైనచో తలుపు క్రుంగి గడపకు తగులును. అది ఉబ్బుట కాదు.

మరమేకు ఎంత త్రిప్పినను పట్టక, రంధ్రము పెద్దదైనచో ఉపాయము సులభము. మేకు తీసివేసి, తలలు విరిచిన అగ్గిపుల్లలు రెండు మూడు గాని, సన్నని వెదురుపుల్లలు గాని కొయ్యజిగురులో ముంచి రంధ్రములో దూర్చండి. పైకి మిగిలినది కోసివేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, అదే మేకు మరల బిగించండి. మా వీధి తలుపు ఆ అగ్గిపుల్లల బలముమీదనే ఈనాటికీ నిలిచియున్నది.

నిజముగా ఉబ్బిన తలుపైనచో, ద్వారబంధమునకు సుద్దముక్క రాచి తలుపు మూసి తీయండి. సుద్ద అంటినచోటనే ఉప్పుకాగితముతో రుద్దవలెను. తరువాత ఆ పచ్చికొయ్యకు రంగు వేయుట మరువరాదు. తలుపు పైఅంచుకు, అడుగుఅంచుకు పెయింటర్లు సాధారణముగా రంగు వేయరు. చెమ్మ ప్రవేశించునది అచ్చటనే. గడియ బిగుసుకొన్నచో కొవ్వొత్తి రాచిన చాలును. తాళమునకు మాత్రము కొబ్బరినూనె వద్దు, దుమ్ము చేరి జిడ్డుకట్టును. పెన్సిలు ములుకు నూరిన పొడి తాళపుచెవికి పూసి రెండుసార్లు త్రిప్పండి.

మనము ముట్టరానివి

చౌకగా చేసికొనుటకు ఒక హద్దు ఉన్నది. కరెంటు పెట్టెలో ఎంసీబీ మాటిమాటికి పడిపోవుచున్నచో అది మనలను హెచ్చరించుచున్నది. దానిని బలవంతముగా పైకి నెట్టి ఉంచరాదు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనును పిలువవలెను. తడి గోడలో స్విచ్చి జిల్లుమన్నచో మెయిను ఆపివేయండి. గ్యాసు గొట్టమునకు సబ్బునురుగు పూసి బుడగలు వచ్చునేమో చూడవచ్చును. అగ్గిపుల్ల వెలిగించి చూచుట ఆత్మహత్యతో సమానము. గొట్టముమీద ముద్రించిన గడువు దాటినచో మార్చివేయండి. వాసన వచ్చినచో రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరచి, ఏ స్విచ్చిని ముట్టక, అందరును బయటికి పోయి 1906 నంబరుకు ఫోను చేయండి. ఇటువంటివాటిలో ఆదా చేసిన వంద రూపాయలు ఎవరిని ఉద్ధరించును?

బిస్కత్తుల డబ్బా

మా నాయనగారికి ఒక బిస్కత్తుల డబ్బా ఉండెడిది. అందులో స్క్రూడ్రైవరు, స్పానరు, పటకారు, సుత్తి, సూదులు, మేకులు. దుకాణము మూసిన వేళ పాత రబ్బరు చెప్పునుండి వాషరు కోసి కొళాయికి వేసి, రెండు రోజులు గడిపెడివారు. ఆయన పోయిన తరువాత ఆ డబ్బాను అటకమీద పెట్టి మరచితిని. ఆ మార్చి రాత్రి వాల్వుకొరకు వెదకునప్పుడు నాకు గుర్తు వచ్చినది ఆ డబ్బాయే. మరునాడు దించినాను. తుప్పు పట్టినది పటకారు ఒక్కటే. దానికి కిరోసిను పట్టించి రుద్దిన పిదప అదియును బాగుపడినది. వాషర్లు నాలుగు, టెఫ్లాన్ టేపు, ఉప్పుకాగితము, కొయ్యజిగురు కొని అందులో చేర్చినాను.

దానితోపాటు ఒక చిన్న నోటుపుస్తకము ఉంచినాను. ఏది ఎప్పుడు మార్చినది, ఏ కొలత వాషరు, ఎంత అయినది అందులో వ్రాయుచున్నాము. గుమాస్తా బుద్ధి అని మా ఆవిడ నవ్వినది. అయినను ఆ పుస్తకములో చివరి మూడు పద్దులు నా చేతివ్రాత కావు. మా అమ్మాయివి. గతనెల వంటయింటి కొళాయి చుక్క వేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రము ఇంటికి వచ్చునప్పటికి చుక్క ఆగినది, పద్దులో తేదీ వేసి, "వాషరు 1, రూ. 10, నాన్నగారు ఇవ్వవలెను" అని వ్రాసియున్నది. ఆ పది రూపాయలు ఆ క్షణముననే చెల్లించినాను. ఈసారి వాయిదా వేయలేదు.