నేరమంతయు వయస్సుదేనా?

మా అక్కయ్య 30 ఏండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన ఉపాధ్యాయిని. ముట్లుడిగిన మూడు నాలుగేండ్లకు ఆమెలో ఒక మార్పు కానవచ్చెను. వైశాఖమాసపు ఎండలలో సైతము పంకాగాలి సరిపడక శాలువ కప్పుకొనెడిది. తిండి తగ్గినను ఒడలు బరువెక్కినది. గొంతు బొంగురుపోయినది. పెద్ద పెద్ద గుణకారములను నోటితోనే చేసిన మనిషి, పాలవాని పద్దు కూడుటకు కాగితము వెదకుకొనసాగెను. మేమేమైన అన్నచో, "యాభై దాటాక ఇవన్నీ మామూలేరా తమ్ముడూ" అని నవ్వి ఊరకుండెడిది. మేమును నమ్మితిమి. రక్తములో కొలెస్టరాల్ మిక్కుటముగా నున్నదని తేలిన నాడు కూడ నేతిగిన్నెను నిందించితిమే కాని ఆమె మెడవంక చూడలేదు.

మెడ ముందరి భాగమున, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండు చిన్న గ్రంథి థైరాయిడ్. డాలు అను అర్థముగల గ్రీకు మాటనుండి ఈ పేరు వచ్చినది. మన పాఠ్యగ్రంథములలో దీనిని అవటుగ్రంథి యన్నారు. సంస్కృతమున అవటువనగా మెడ వెనుకభాగము. ముందున్న దానికి వెనుకటి పేరు పెట్టినవారి సాహసమును తెలుగు పంతులుగా మెచ్చుకొనక తప్పదు!

ఆహారములోని అయొడిన్‌తో ఈ గ్రంథి రెండు హార్మోనులను తయారుచేయును. శరీరములోని కణములు ఎంత వేగముగా ఇంధనమును వినియోగించవలయునో నిర్ణయించునవి అవియే. అవి తగ్గినచో పొయ్యిలో మంట తగ్గినట్లు దేహము చల్లబడును. గుండె మెల్లగా కొట్టుకొనును, రక్తనాళములు బిరుసెక్కును. చెడు కొలెస్టరాలును రక్తమునుండి పట్టి లోనికి లాగుకొనుటకు కాలేయమునందు గ్రాహకములు కలవు. థైరాయిడ్ లోపించిన వాటి సంఖ్య తగ్గును. ఆ గ్రాహకములను పోషించు మరియొక హార్మోను ఈస్ట్రోజన్. ముట్లుడుగుటతో అదియు సన్నగిల్లును. వాకిట కావలియున్న ఇద్దరిలో ఒకడు ఊరు విడిచిపోయిన వేళనే రెండవవాడును నిద్రపోయినట్లు! పైగా అలసట, బరువు, జుట్టు రాలుట, మతిమరపు ఈ రెండు స్థితులలోను కనబడును కనుక ఒకదాని చాటున రెండవది దాగియుండును.

ఒకప్పుడు ఈ లోపము ముదిరినవారు ఉబ్బి, మందగించి, మరణించుటయే గతి. 1891లో ఇంగ్లండునందలి న్యూకాజిల్ పట్టణమున జార్జి మర్రే అను యువవైద్యుడు 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ రసమును సూదిద్వారా ఎక్కించెను. ఆమె కోలుకొని, ఆ మందుతోనే మరి 28 ఏండ్లు జీవించి, 1919లో 74వ ఏట గుండెజబ్బుతో కన్నుమూసెను. ఆమెకొఱకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చెనని మర్రేయే లెక్కకట్టి ప్రకటించినాడు. నేడు ఆ మందలన్నింటి పనిని చిటికెన వ్రేలి గోరంత మాత్ర చేయుచున్నది.

పైకి స్పష్టముగా తెలియని స్వల్పలోపము సంగతి ఏమి? హాలండులోని రోటర్‌డామ్ నగరమున ముట్లుడిగిన 1,149 మంది స్త్రీలను పరీక్షించి 2000లో ఫలితములు ప్రకటించిరి. వారి సగటు వయస్సు 69. నూటికి దాదాపు 11 మందిలో ఇట్టి లోపము బయటపడినది. గుండెపోటు వచ్చినవారు ఇతరులలోకంటె వీరిలో ఎక్కువగా నుండిరి. అంతమాత్రమున లోపమే గుండెపోటు తెచ్చినదని తీర్పు చెప్పరాదు. 65 ఏండ్లు దాటి, స్వల్పలోపముగల 737 మందిపై జరిగిన మరొక పరిశోధన 2017లో వెలువడినది. మాత్ర మ్రింగినందువలన వారి అలసటలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. పరీక్ష అందరికిని తేలికయే; మందు అందరికిని అవసరము కాదు.

మోతాదు మించినను ముప్పే. గుండె లయ తప్పును. ముట్లుడిగిన స్త్రీల ఎముకలు మరింత గుల్లబారును. సన్నబడుటకై ఈ మాత్రను అడిగి తెచ్చుకొనువారిని నేనెరుగుదును. గుండెను పందెమొడ్డి నడుమును గెలుచుకొనుట యేమి తెలివి?

తుదకు ఒక యువవైద్యురాలు అక్కయ్య గొంతు విని, రక్తపరీక్ష చేయించి, చిన్న మోతాదుతో మందు ఆరంభించినది. మూడు మాసములు గడిచినను గుణము లేదు. విచారింపగా, ఆమె ఆ మాత్రను ప్రొద్దుటి కాఫీతో, ఎముకల బలమునకు వాడు కాల్షియం మాత్రతో కలిపి మ్రింగుచున్నదని తేలినది. కాల్షియం ఆ మందును ప్రేగులలో ఒంటబట్టనీయదు. మందు వ్రాసినవారు గాని అమ్మినవారు గాని ఈ ముక్క చెప్పలేదు, మేమడుగలేదు. అప్పటినుండి మాత్ర తెల్లవారగనే పరగడుపున, కాఫీ ఒక గంటకు, కాల్షియం రాత్రి భోజనమైన పిమ్మట. శాలువ పెట్టెలోనికి చేరినది. మొన్న నేను కూడిన పాలవాని పద్దులో ఏడు రూపాయలు తప్పు పోయినవని, వంటయింటినుండియే నోటిలెక్కతో పట్టుకొన్నది.